పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో స్త్రీల పునరుత్పత్తి ఆరోగ్యం

మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం పరిసరాలలోని మెట్ట ప్రాంతమును వాడుకలో పశ్చిమ ప్రకాశం అంటారు. 1970లో ఒంగోలు జిల్లా (1972 నుండి ప్రకాశం జిల్లా) ఏర్పడక ముందు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఇక్కడి స్త్రీలకు సాధారణంగా వచ్చే ఆరోగ్య సమస్యలు ఇతర ప్రాంతాలలో వచ్చేవే. అయితే ఫ్లోరైడ్ కలిసిన భూగర్భ జలం, పెద్దాసుపత్రులకు గల దూరం వాటిని జటిలం చేస్తున్నాయి. అందువలన ఏ సమస్యకు స్థానికంగా చికిత్స చేయవచ్చు, ఏ సమస్యను ఆలస్యం లేకుండా పెద్దాసుపత్రికి పంపాలి అన్న నిర్ణయం ప్రాథమిక వైద్యంలో చాలా ముఖ్యమైనది.

తెల్లబట్ట, ఋతు సమస్యలు

దుర్వాసన, దురద లేని పలుచని తెల్లని స్రావం సహజమైనది. దానికి చికిత్స అవసరం లేదు. పెరుగు విరుగుడులా ఉండి దురద కలిగిస్తే శిలీంధ్ర వ్యాధిగాను, చేపవాసన ఉంటే బాక్టీరియా సంబంధమైనదిగాను భావిస్తారు. ట్రైకోమోనాస్ వలన వచ్చే పసుపుపచ్చని నురుగు స్రావానికి భర్తకు కూడా మందులు ఇవ్వవలెను. ఇవన్నీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే నయమయ్యేవి.

తెల్లబట్ట అవుతున్నదనో, నెలసరి సరిగా రావడం లేదనో గర్భసంచి తీయించుకొనడం సరికాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగింపు దేశంలో సుమారు 3 శాతం కాగా, ఆంధ్ర ప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గరగా ఉన్నది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసివేస్తే చిన్న వయసులోనే ముట్లు ఆగిన స్థితి వచ్చి ఎముకలు పలుచబడతాయి. అయితే ముట్లు ఆగిపోయిన తరువాత మళ్ళీ రక్తం కనిపిస్తే కాన్సరు పరీక్ష తప్పనిసరి.

గర్భిణులలో రక్తహీనత

హీమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 11 గ్రాముల కన్నా తక్కువగా ఉంటే గర్భిణికి రక్తహీనత ఉన్నట్లు. 7 గ్రాముల కన్నా తగ్గితే అది తీవ్రమైనది, ఆసుపత్రిలో చేర్చవలెను. పై సర్వే ప్రకారం రాష్ట్రంలోని గర్భిణులలో సగానికి పైగా రక్తహీనులే. ఆరోగ్యవంతురాలు తట్టుకోగలిగిన ప్రసవ రక్తస్రావం రక్తహీనురాలి ప్రాణం తీయవచ్చును.

నాలుగవ నెల నుండి రోజుకు ఒక ఐరన్ మాత్ర (60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం) చొప్పున కనీసం 180 రోజులు, ప్రసవం తరువాత మరొక 180 రోజులు వాడాలి. రక్తహీనత ఉన్నవారికి రోజుకు రెండు మాత్రలు ఇస్తారు. ఈ మాత్రను టీతో గాని, కాల్షియం మాత్రతో గాని కలిపి వేసుకోరాదు. మలం నల్లగా రావడం సహజమే. దానికి భయపడి మాత్రలు మానరాదు. నులిపురుగుల మందును మూడు నెలలు నిండిన తరువాతనే ఇస్తారు.

ఫ్లోరైడ్ ప్రభావం

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. పశ్చిమ ప్రకాశంలోని అనేక గ్రామాల బోరు నీటిలో ఇది మించి ఉన్నది. పళ్ళపై గోధుమరంగు చారలు దీని తొలి గుర్తు. అధిక ఫ్లోరైడ్ పేగుల లోపలి పొరను దెబ్బతీసి ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. ఎ.కె. సుశీల బృందం ఢిల్లీలో రక్తహీనులైన గర్భిణులపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఫ్లోరైడ్ తగ్గించి పోషకాహారం ఇచ్చినవారిలో హీమోగ్లోబిన్, బిడ్డల బరువు మెరుగుపడ్డాయి. కాబట్టి మాత్రలు వాడినా రక్తం పెరగకపోతే తాగే నీటిని గురించి కూడా విచారించవలెను. నీటిని కాచినందువలన ఫ్లోరైడ్ పోదు. రాగి సంగటి, పాలు, మజ్జిగలలోని కాల్షియం ఫ్లోరైడ్ శోషణను తగ్గిస్తుంది. వెలిగొండ ప్రాజెక్టు లక్ష్యాలలో ఈ ప్రాంతానికి తాగునీరు అందించడం కూడా ఒకటి.

గర్భకాల పరీక్షలు

మూడు నెలల లోపు పేరు నమోదు చేయించుకొని, కనీసం నాలుగు సార్లు పరీక్ష చేయించుకోవాలి. ప్రతిసారి బరువు, రక్తపోటు, హీమోగ్లోబిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూస్తారు. మధుమేహ పరీక్ష, ధనుర్వాతపు టీకాలు కూడా ఇందులో భాగమే. 2016 నుండి ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి.

ప్రమాద సూచనలు

ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను.

* గర్భకాలంలో ఏ సమయంలోనైనా రక్తస్రావం
* నెల తప్పిన తొలి వారాలలో ఒకవైపు తీవ్రమైన కడుపునొప్పి, కళ్ళు తిరగడం (గర్భం ట్యూబులో నిలిచి ఉండవచ్చును)
* తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖము, చేతుల వాపు
* మూర్ఛ
* బిడ్డ కదలికలు తగ్గడం, ఉమ్మనీరు పోవడం
* జ్వరం, ఆయాసం

20 వారాల తరువాత రక్తపోటు 140/90 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే గుర్రపువాతం వచ్చే ప్రమాదమున్నది. మూర్ఛ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇచ్చిన తరువాతనే పెద్దాసుపత్రికి పంపవలెను. ప్రసవమైన ఒక నిమిషం లోపల ఇచ్చే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షను అధిక రక్తస్రావాన్ని చాలావరకు నివారిస్తుంది.

దూరం, రవాణా

మార్కాపురం, గిద్దలూరులలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నవి. కేసు క్లిష్టమైతే మార్కాపురం నుండి దాదాపు 100 కి.మీ. దూరంలోని ఒంగోలుకు, గిద్దలూరు నుండి ఒంగోలుకు గాని, నల్లమల ఘాటు రోడ్డు మీదుగా నంద్యాలకు గాని పోవలసి ఉంటుంది. దోర్నాల, ఎర్రగొండపాలెం మండలాల చెంచు గూడేలకు ఈ కష్టం ఇంకా ఎక్కువ.

మాతృమరణాలకు మూడు ఆలస్యాలు కారణమని చెబుతారు: ఆసుపత్రికి వెళ్ళాలని నిర్ణయించడంలో ఆలస్యం, చేరుకొనడంలో ఆలస్యం, చేరిన తరువాత చికిత్సలో ఆలస్యం. రాష్ట్రంలో 2005 ఆగస్టులో మొదలైన 108 సేవ రెండవదానిని కొంత తగ్గించినది. అయినప్పటికీ తీవ్ర రక్తహీనత, రక్తపోటు, లోగడ సిజేరియన్ అయిన గర్భిణులు నొప్పులు వచ్చేవరకు ఆగకుండా, ప్రసవ తేదీకి ముందుగానే ఆసుపత్రి ఉన్న ఊరికి చేరుకోవడం క్షేమకరం. ఏ ఆసుపత్రికి వెళ్ళాలి, ఏ బండిలో వెళ్ళాలి, అవసరమైతే రక్తం ఎవరు ఇస్తారు అన్నవి ఏడవ నెలలోనే ఆశా కార్యకర్తతో మాట్లాడి నిర్ణయించుకోవలెను.