న్యాయ కళాశాల గడప



ఈ రోజుల్లో కాలేజీలే పిల్లల్ని వెతుక్కుంటూ వస్తున్నాయి. ఏ హోటల్ హాల్లోనో వరసగా బల్లలు వేసి, రంగురంగుల పుస్తకాలు పేర్చి, మా కాలేజీలో చేరండమ్మా అని పిలుస్తున్నారు. ఎడ్యుకేషన్ ఫెయిర్ అంటున్నారు దాన్ని. మనం చదువుల సంత అనుకుందాం. అమెరికాలో అయితే ఒక్క లా కాలేజీల కోసమే ఇలాంటి సంతలు జరుగుతాయి. అక్కడ సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ ముగించాకే మూడేళ్ల లా చదువు. అందుకని యూనివర్సిటీలో చదివే పిల్లలు ఆ సంతకు వెళ్లి, ఒక్కొక్క బల్ల దగ్గరా నిలబడి ఫీజులు, స్కాలర్‌షిప్పులు, ఉద్యోగాల సంగతి అడిగి తెలుసుకుంటారు.

బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి ఆడపిల్లను చూసి చిరునవ్వుతో కాగితం అందిస్తున్నాడే, ఆ చిరునవ్వు ఊరికే రాలేదు. దాని వెనక నూట యాభై ఏళ్ల కథ ఉంది. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

చికాగో నగరంలో మైరా బ్రాడ్‌వెల్ అనే ఇల్లాలు ఉండేది. భర్త లాయరు. ఆమె 1868లో న్యాయవార్తల పత్రిక ఒకటి పెట్టి సమర్థంగా నడిపింది. 1869లో లాయరు పరీక్ష నెగ్గింది. అయినా ఇల్లినాయ్ రాష్ట్రపు కోర్టు ఆమెకు లైసెన్సు ఇవ్వనంది. ఆమె వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టుకెక్కింది. 1873లో అక్కడా ఓడిపోయింది. భార్యగా, తల్లిగా ఉండటమే స్త్రీకి సృష్టికర్త విధించిన ధర్మమని ఆ తీర్పులో ఒక న్యాయమూర్తి రాశారు. విన్నారా? భార్య, తల్లి అనే రెండు గౌరవాలూ చూపించి మూడో గౌరవం కాదన్నారన్నమాట! ఆమె అప్పటికే భార్య, తల్లి కూడాను. చివరికి 1890లో, ఆమె మళ్లీ అడగకుండానే, ఆ రాష్ట్రపు కోర్టే తనంతట తాను లైసెన్సు ఇచ్చింది. మరో నాలుగేళ్లకు ఆమె కన్నుమూసింది.

కాలేజీల సంగతీ అంతే. పేరుమోసిన హార్వర్డు లా కాలేజీ ఆడపిల్లల్ని చేర్చుకున్నది 1950లో. అంటే మనకు స్వాతంత్ర్యం వచ్చిన మూడేళ్లకు! 1956లో అక్కడ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ అనే ఆమె చేరింది. అప్పటికే చంటిబిడ్డ తల్లి. దాదాపు అయిదువందల మంది ఉన్న తరగతిలో ఆడవాళ్లు తొమ్మిదిమందే. కాలేజీ డీను వాళ్లను భోజనానికి పిలిచి, మగవాడికి రావలసిన సీటులో మీరెందుకు కూర్చున్నారని ఒక్కొక్కరినే అడిగాడట. ఆమె తరువాత కొలంబియాకు మారి 1959లో మొదటి స్థానాన్ని మరొకరితో పంచుకుంటూ పట్టా పుచ్చుకుంది. అయినా న్యూయార్కులో పెద్ద లాయర్ల సంస్థ ఒక్కటీ ఉద్యోగం ఇవ్వలేదు. ఆమే 1993లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయింది.

మరి తలుపులు తెరుచుకున్నది ఎలా? సగం పోరాటం వల్ల, సగం అవసరం వల్ల. 1968లో వియత్నాం యుద్ధానికని, పై చదువులు చదివే మగపిల్లలకు సైన్యం నుంచి ఉన్న మినహాయింపు తీసేశారు. తరగతులు ఖాళీ అవుతాయని కాలేజీలు బెంబేలెత్తాయి. ఇక మనకు మిగిలేది గుడ్డివాళ్లు, కుంటివాళ్లు, ఆడవాళ్లే అని హార్వర్డు అధ్యక్షుడు వాపోయాడు. ఏ జాబితాలో చేర్చాడో చూడండి! ఇంకోవైపు ఆడపిల్లలు సంఘాలు కట్టి సీట్లు, స్కాలర్‌షిప్పులు తమకూ ఇమ్మని పట్టుబట్టారు. 1972లో, సర్కారు సొమ్ము తీసుకునే విద్యాలయాలు ఆడ, మగ తేడా చూపరాదని చట్టం వచ్చింది. 1970 ప్రాంతంలో లా చదివేవారిలో నూటికి పదిమంది కూడా లేని ఆడవాళ్లు, 2016 నాటికి సగం దాటారు. ఇవాళ్టి సంతలో బల్ల వెనకున్న చిరునవ్వుకు మూలం ఇదీ.

మన దేశంలో మాత్రం? కలకత్తాలో రెజీనా గుహ లా పట్టా పొందినా, 1916లో హైకోర్టు ఆమెను ప్లీడరుగా చేర్చుకోలేదు. 1921లో పాట్నాలో సుధాంశుబాల హాజ్రాకూ అదే జవాబు. చట్టంలో మనిషి అన్న మాటకు స్త్రీ కూడా అని అర్థం చెప్పుకోవడానికి వాళ్లకు మనసొప్పలేదు. ఆఖరికి 1923లో, స్త్రీ అన్న కారణంతో ఎవరినీ ఈ వృత్తికి దూరం చేయకూడదని ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది.

చట్టం వచ్చినంత మాత్రాన చదువు వస్తుందా? మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి కథ వినండి. ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి వద్దంది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లింది. అక్కడ అక్షరం రాని ఆడ ఖైదీల గోడు విన్నది. చట్టం తెలియక శిక్ష పడినవాళ్లను చూశాక లా చదవాలన్న పట్టుదల కలిగింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోతే, ఆడపిల్లలకు హాస్టలు లేదు గనక సీటు లేదన్నారు. మనమైతే ఏడుస్తూ ఇంటికొచ్చేవాళ్లం. ఆవిడ పేపర్లో ప్రకటన వేయించింది, హాస్టలు లేక చదువాగిన అమ్మాయిలు నాకు రాయండి అని! రాసినవాళ్లను కూడగట్టి తామే హాస్టలు పెట్టుకున్నారు. చూశారా, కాలేజీ పిల్లల్ని పిలవలేదు. పిల్లే పిల్లల్ని పిలిచింది. నన్నడిగితే మన తెలుగునాట మొదటి చదువుల సంత అదే.

ఆమె 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకుని హైకోర్టులో ప్రాక్టీసు పెట్టింది. రాజ్యాంగ సభలో కూర్చుంది. 1953లో చైనా వెళ్లి కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చి, మనకూ అలాంటివి కావాలని నెహ్రూగారి చెవిన వేసింది. 1984లో ఆ చట్టం వచ్చింది. ఇవాళ ఏ ఇల్లాలైనా మనోవర్తి కోసం ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కుతోందంటే, ఆ మెట్ల మీద దుర్గాబాయమ్మ చెయ్యి కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో మొదటి మహిళా న్యాయమూర్తిగా జస్టిస్ అమరేశ్వరి 1978లో కూర్చున్నారు. సుప్రీంకోర్టులో ఫాతిమా బీవీ 1989లో.

ఇక మన పిల్లల మాట. ఇప్పుడు ఇంటర్ అయ్యాక అయిదేళ్ల లా, డిగ్రీ అయ్యాక మూడేళ్ల లా, రెండూ ఉన్నాయి. హైదరాబాదులో నల్సార్ 1998లో వచ్చింది. అలాంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు కలిపి ఒకే ప్రవేశ పరీక్ష 2008లో మొదలైంది. పిలిచే కాలేజీలకు కొదవ లేదు. అయితే ఒక్క మాట. సంత సంతే. చీరల కొట్లో మడత విప్పి, అంచు చూసి, రంగు దిగుతుందా అని అడిగే మనం, అయిదేళ్ల చదువును అట్ట మీద బొమ్మ చూసి కొంటామా?

మీ అమ్మాయి అలాంటి సంతకు వెళుతుంటే నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసివ్వండి. ఈ కాలేజీకి బార్ కౌన్సిల్ ఆమోదం ఉందా? మొత్తం ఖర్చు, హాస్టలుతో సహా, చివరి ఏడాది దాకా ఎంత? నిరుడు చదువు ముగించిన ఆడపిల్లలు ఎక్కడ పనిచేస్తున్నారు, వాళ్లతో మాట్లాడనిస్తారా? విదేశపు కాలేజీ అయితే, ఆ పట్టాతో మన కోర్టులో నిలబడాలంటే ఇంకా ఏ పరీక్ష రాయాలి? సూటిగా జవాబు చెప్పిన బల్ల దగ్గరే కాసేపు నిలబడమనండి.

లాయరమ్మాయికి సంబంధాలు రావని ఎవరైనా అంటే కంగారు పడకండి. ఆ మాట కొత్తదేం కాదు. 1873లో వాషింగ్టన్‌లో ఒక న్యాయమూర్తి దాన్నే కాస్త గంభీరంగా రాశారు. సీటెందుకని అడిగించుకుని, హాస్టలు లేదనిపించుకుని వెనుకటివాళ్లు ఆ గడప దాటారు. మన పిల్లలకు ఆ బాధ లేదు. వాళ్ల చేతికి కాగితమూ కలమూ మనమే ఇచ్చి పంపిద్దాం.