రోహిణీ జలం నుండి బాహూరు చెరువు వరకు

ధమ్మపద అట్ఠకథలో రోహిణీ నదీజల వివాదం సుప్రసిద్ధం. శాక్యులు, కోలియులు ఒకే ఆనకట్ట నీటితో పైరు పండించుకొనేవారు. ఒక వేసవిలో నీరు తగ్గింది. ముందు మా చేను తడవాలంటే మా చేను తడవాలని ఇరుపక్షాల పాలేర్లు కలహించారు. ఆ కలహం రాజుల చెవిన పడేసరికి వంశనిందగా మారి యుద్ధసన్నాహానికి దారితీసింది. అప్పుడు వచ్చిన బుద్ధుడు, ఈ తగవు దేని గురించి అని అడిగాడు. రాజులకు తెలియదు, సేనాపతికీ తెలియదు. చివరకు పాలేర్లను పిలిచి అడిగితే గాని అది నీటి తగవని తేలలేదు. నీటి విలువ ఎక్కువా, క్షత్రియుల రక్తం విలువ ఎక్కువా అన్న ప్రశ్న ఆ తరువాతిది. మనం సాధారణంగా ఆ రెండవ ప్రశ్ననే స్మరిస్తాం. చెరువుల చరిత్రను పరిశీలించేవారు మొదటి ప్రశ్న దగ్గర కొంతసేపు ఆగవలసి ఉంది.

పుదుచ్చేరి పట్టణాన్ని ఆనుకొని ఉన్న గ్రామసీమలో 84 చెరువులు ఉన్నాయి. పట్టణానికి పడమట ఉన్న ఊసుడు చెరువు వీటిలో అతి పెద్దది; నైరుతి దిక్కున ఉన్న బాహూరు చెరువు రెండవది. పెన్నైయారు నదిపై సొర్ణావూరు ఆనకట్ట వద్ద బయలుదేరే బంగారు కాలువ బాహూరు చెరువును నింపుతుంది. తెలుగు చెవికి చిరపరిచితమైన ఆ పేరు ఒక స్త్రీదనీ, కాలువ త్రవ్వించినది ఆమేననీ స్థానిక కథనం.

బాహూరు విద్యాచరిత్రలోనూ ప్రసిద్ధమే. 9వ శతాబ్దంలో పల్లవ నృపతుంగవర్మ 8వ పాలనా సంవత్సరంలో మూడు గ్రామాలను అక్కడి విద్యాస్థానానికి దానమిచ్చినట్లు బాహూరు తామ్రశాసనాలు తెలుపుతున్నాయి. విద్యాస్థానానికి గ్రామాలను ఇవ్వడమంటే వాటి పంటపై వచ్చే ఆదాయాన్ని ఇవ్వడమే. ఆ పంటకు ఆధారం నీరు. నీటికి ఆధారం కట్టను కాచి, పూడిక తీసిన చేతులు. శాసనం దాత పేరునూ ప్రతిగ్రహీతల ఘనతనూ చెబుతుంది. ఆ చేతులవారి పేర్లు చెప్పదు.

చెరువుపై నిర్ణయాధికారం ఎవరిది? దీనికి స్పష్టమైన సమాధానం కాంచీపురం సమీపంలోని ఉత్తరమేరూరులో లభిస్తుంది. చోళ పరాంతకుని కాలంలో 919, 921 సంవత్సరాలకు చెందిన అక్కడి శాసనాలు 'ఏరివారియం', అనగా చెరువు సంఘం, నియామకాన్ని వివరిస్తాయి. అందులో సభ్యులు ఆరుగురు. కుండలో వేసిన తాటాకు చీటీలను తీసి వారిని ఎన్నుకొనేవారు. లెక్కలు అప్పగించనివారు అనర్హులు. ఈ కట్టుబాటు శ్లాఘనీయమే. కాని అర్హతకు శిస్తు కట్టే సొంత భూమి, సొంత స్థలంలో ఇల్లు, 35 నుండి 70 ఏళ్ల వయస్సు, వేదాధ్యయనం కావాలి. కౌలుదారునికి, కూలికి, స్త్రీకి ఆ కుండలో చీటీ లేదు.

తరువాతి శతాబ్దాలలోనూ ఈ అంతరం తొలగలేదు. కట్టపనికి ఊరంతా రావాలన్న 'కుడిమరామత్తు' ఆచారం తమిళసీమలో వ్యాపించింది. బ్రిటిష్ మద్రాసులో 1858 చట్టం ఆపత్సమయంలో ఆ శ్రమను నిర్బంధం చేసింది. ఫ్రెంచి పుదుచ్చేరిలో నీటిపనులు చూసిన రైతు సంఘాలు భూయజమానుల సంఘాలే. శ్రమ అందరిదీ, మాట కొందరిదీ అయింది. గొట్టపుబావులు, విద్యుత్ మోటార్లు వచ్చిన తరువాత స్థోమత గల రైతుకు చెరువుతో అవసరం తగ్గింది. చెరువు ఉపేక్షకు గురయింది, భూగర్భజలం అడుగంటింది, తీరగ్రామాలలోకి ఉప్పునీరు చొచ్చుకువచ్చింది. లోతుగా బోరు వేయలేని చిన్నరైతే ముందుగా నష్టపోయాడు.

1999లో ఐరోపా సమాఖ్య సహాయంతో పుదుచ్చేరిలో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలయింది. పూడికతీత, కట్టల మరమ్మతులతో పాటు చెరువు వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. ఆయకట్టు రైతులతో పాటు భూమిలేనివారినీ స్త్రీలనూ వాటిలో చేర్చే ప్రయత్నం జరిగింది. ఉత్తరమేరూరు కుండలో లేని చీటీలకు ఇక్కడ చోటు కల్పించాలన్న తలంపే ఈ పథకంలో చారిత్రకంగా కొత్తది. అంతకు రెండేళ్ల ముందే, 1997లో, ఆంధ్రప్రదేశ్ రైతులచే నీటిపారుదల నిర్వహణ చట్టం చేసి పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలను నెలకొల్పింది.

అయితే పేరు నమోదైనంత మాత్రాన మాట చెల్లుబాటు కాదు. చెరువులోని చేపల వేలం, కట్టపై చెట్ల ఆదాయం, మొదట ఎవరి తూము తెరవాలన్న నిర్ణయం: ఇవే సంఘానికి నిజమైన పరీక్షలు. పలుకుబడి గలవారే ఈ మూడింటినీ నిర్ణయిస్తే, సంఘం కొత్తదైనా అధికారం పాతదే. పైగా నీరు ఏ మడికి ఎప్పుడు అందక ఆగుతుందో ముందుగా తెలిసేది తూము తిప్పే నీరుగంటికి, కాలువ చివరి రైతుకు.

రోహిణీ తీరాన పాలేర్లను అడిగినది యుద్ధానికి సిద్ధమైన తరువాత. వారిని ముందే అడిగి ఉంటే ఆ సైన్యాలు ఏటి ఒడ్డుకు చేరవలసిన పని ఉండేది కాదు. బాహూరు చెరువు మనకు చెప్పేదీ అదే.