వోల్టుమీటరు చెప్పని సంగతి

1903 డిసెంబరు 17న కిట్టీ హాక్ ఇసుక దిబ్బల దగ్గర విమానం లేచినప్పుడు రైట్ సోదరుల దగ్గర బేటరీ ఉంది. కాని అది విమానం ఎక్కలేదు. ఇంజనుకి తొలి నిప్పురవ్వ ఇవ్వడానికి పొడి ఘటాలూ, తీగచుట్టా ఉన్న పెట్టెను తెచ్చి తగిలించారు. ఇంజను అందుకోగానే ఊడదీసి నేల మీదే వదిలేశారు. ఆ మొదటి 12 సెకండ్లూ గాలిలో ఇంజనుకి నిప్పు అందించింది మేగ్నెటో. పూర్వం సైకిలు చక్రానికి ఆనించి దీపం వెలిగించుకునే డైనమోకి ఇది దగ్గర చుట్టం. ఇంజను తిరుగుతున్నంతసేపూ తనకి కావలసిన నిప్పు తానే పుట్టించుకుంటుంది. ఎవరినీ చెయ్యి చాచి అడగదు.

సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ళ చరిత్ర నాకు ఆ పెట్టె కథలాగే కనిపిస్తుంది. నేల మీద ఉండిపోయిన పెట్టె మెల్లగా విమానంలోకి ఎక్కింది. ముందు దీపాలకీ రేడియోకీ పనికొచ్చింది, చివరికి ఇంజను ప్రాణమే తన చేతిలోకి తీసుకుంది. చిత్రమేమిటంటే, దాన్ని నమ్ముకోవడం పెరిగినకొద్దీ దాని లోపల ఏముందో తెలుసుకునే దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి.

సొంతంగా విమానం కట్టుకోవడమేమిటని మన ఊళ్ళనుంచి చదివేవాళ్ళకి అనుమానం రావచ్చు. అమెరికా చట్టం ప్రకారం, సగానికి మించిన పని ఔత్సాహికులు నేర్చుకోవడం కోసమో సరదా కోసమో చేసి ఉంటే, ఆ విమానాన్ని 'ఎక్స్‌పెరిమెంటల్' అన్న ముద్రతో ఎగరేసుకోవచ్చు. పాల్ పోబెరెజ్నీ 1953లో విస్కాన్సిన్‌లో ఇలాంటివాళ్ళని కూడగట్టి ఇ.ఎ.ఎ. అన్న సంఘం పెట్టాడు. 1970 నుంచి వాళ్ళ వేసవి తిరనాళ్ళు ఆష్‌కాష్‌లో జరుగుతున్నాయి. రెండు సీట్ల అల్యూమినియం విమానం కట్టుకుని నేనూ ఆ గుంపులో చేరాను. కట్టినవాడికే ఏటా తనిఖీ చేసే అనుమతి కూడా దొరుకుతుంది. అంటే బేటరీ ఎంచుకున్నదీ నేనే, బిగించినదీ నేనే, అది బాగుందని పుస్తకంలో సంతకం పెట్టేదీ నేనే.

పాతతరం వాళ్ళకి ఈ బాధ లేదు. మిన్నెసోటాలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1929లో ఫోర్డ్ మోడల్-ఎ కారు ఇంజనుతో 'ఎయిర్ కేంపర్' అనే విమానం ఎగరేశాడు. కారులో ఆ ఇంజను బేటరీ మీద నడిచేది. విమానంలో పెట్టేటప్పుడు ఆయన దానికి మేగ్నెటో తగిలించాడు. బర్ట్ రుటాన్ 1975లో ఎగరేసిన వేరీఈజీ అప్పటికి ఎంతో ఆధునికం. అయినా బరువు తగ్గించడం కోసం దాన్ని స్టార్టరు లేకుండానే రూపొందించాడు. పంకా చేత్తో తిప్పి స్టార్టు చెయ్యాలి. అలాంటి విమానంలో బేటరీ చస్తే రేడియో మూగబోతుంది. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఆ రోజుల బేటరీ మన ఇళ్ళలో ఇన్వర్టరు పక్కన ఉండే ఆమ్లపు బేటరీ లాంటిదే. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసం-ఆమ్లం జోడీయే. తెలుగులో కొందరు దీన్ని 'ఘటమాల' అన్నారు. నాకు ఆ మాట ఇష్టం. రెండేసి వోల్టుల ఘటాలు ఆరింటిని దండలా గుచ్చితే 12 వోల్టులు. దండలో ఒక్క ఘటం నీరసించినా మిగతా అయిదూ దాని దారికి రావలసిందే. విమానంలో ఇది పెద్ద తలనొప్పి: కుదుపులకి ఆమ్లం ఒలుకుతుంది, ఆవిరి అల్యూమినియాన్ని తినేస్తుంది. అందుకని దానికో ప్రత్యేకమైన పెట్టె, ఆవిరి బయటికి పోవడానికో గొట్టం ఉండేవి. కాని ఆ బేటరీకి ఒక సుగుణం ఉంది. ఆరు మూతలు విప్పి, హైడ్రోమీటరు ముంచి చూస్తే ఏ ఘటం ఎలా ఉందో అదే చెప్పేది. 1.265 దగ్గర తేలితే నిండుగా ఉన్నట్టు. ఒక్క ఘటంలో మాత్రం బాగా కిందకి మునిగితే రోగం ఎక్కడుందో తెలిసిపోయినట్టు.

తరవాత మూత లేని బేటరీలు వచ్చాయి. ఆమ్లాన్ని సన్నటి గాజునూలు దిండులో ఇంకింపజేసి, పుట్టిన వాయువులు లోపలే తిరిగి నీరయ్యేలా చేశారు. ఇక నీళ్ళు పొయ్యక్కర్లేదు, పక్కకి పడుకోబెట్టినా ఒలకదు. ఈ పరిజ్ఞానం మన తెలుగువాళ్ళకి కొత్తది కాదు. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగివెళ్ళిన గల్లా రామచంద్ర నాయుడు 1985లో తిరుపతి దగ్గర స్థాపించిన అమరరాజా, మన దేశంలో ఈ రకం బేటరీలు చేసిన తొలి సంస్థల్లో ఒకటి. ఇక్కడ గరాజు విమానాలవాళ్ళు కూడా వీటిని కళ్ళకద్దుకుని తీసుకున్నారు. 17 ఆంపియర్-అవర్ల బేటరీ సుమారు 7 కిలోలు తూగుతుంది, ఎక్కడ కావాలంటే అక్కడ బిగించుకోవచ్చు. కాని మూతలతోపాటు హైడ్రోమీటరు కూడా పోయింది. మనకి మిగిలింది వోల్టుమీటరు ఒక్కటే.

వోల్టుమీటరు ఏం చెబుతుంది? గాలిలో ఉండగా ఒక్క మంచిమాట చెబుతుంది. ఆల్టర్నేటరు పనిచేస్తుంటే 14 వోల్టుల చుట్టుపక్కల చూపిస్తుంది. 13కి దిగిందంటే ఆల్టర్నేటరు చేతులెత్తేసిందనీ, ఆ క్షణంనుంచి మనం బేటరీని తింటూ బతుకుతున్నామనీ అర్థం. అందుకే 13 దగ్గర వెలిగే ఎర్రదీపం ఒకటి చాలామంది పెట్టుకుంటారు. కాని ఆ తిండి ఎంతసేపు వస్తుందో ఆ దీపం చెప్పదు.

కేన్సస్‌లోని ఇంజనీరు బాబ్ నకల్స్ తన 'ఏరోఎలెక్ట్రిక్ కనెక్షన్' పుస్తకంలోనూ, పాఠాలలోనూ నొక్కి చెప్పినది ఇదే: ఇంజను స్టార్టయింది కదా అని బేటరీ బాగుందనుకోకండి, ఏటా దాని నిలవ కొలవండి. లెక్క వేసి చూడండి. స్టార్టరు 200 ఆంపియర్లు లాగుతుందనుకుందాం, అదీ 5 సెకండ్లపాటు. మొత్తం ఖర్చు 0.28 ఆంపియర్-అవర్లు. 17లో అది రెండు శాతం కూడా కాదు. బస్తాలో గుప్పెడు బియ్యం ఉన్నా ఆ పూటకి అన్నం వండొచ్చు. రేపటి సంగతి అన్నం చెప్పదు.

నేను చేసే కొలత చాలా మోటుది. నిండా చార్జి చేసిన బేటరీకి 55 వాట్ల కారు హెడ్‌లైటు బల్బు తగిలిస్తాను. అది లాగే కరెంటు, ఆల్టర్నేటరు పోయినప్పుడు నా విమానానికి తప్పనిసరిగా కావలసిన కరెంటు దాదాపు సమానం. వోల్టేజి 10.5కి దిగేదాకా గడియారం చూస్తాను. కొత్తలో 3 గంటల 10 నిమిషాలు వచ్చింది. మూడో ఏడు 2 గంటల 40. అయిదో ఏడు 1 గంట 45. ఈ అయిదేళ్ళూ, బల్బు తగిలించేముందు వోల్టుమీటరు చూపించింది ఒకటే అంకె: 12.8. ఇంజను కూడా ప్రతిసారీ మొదటి తిప్పుడుకే అందుకుంది.

కంపెనీలు చేసే చిన్న విమానాలకి 1990ల నాటి అమెరికా ప్రమాణాల్లో, ఆల్టర్నేటరు పోయాక బేటరీ కనీసం అరగంట ఆదుకోవాలన్న నియమం ఉండేది. మాకు అలాంటి అంకె ఎవరూ పెట్టరు. నేను పెట్టుకున్నది గంటన్నర. అందుకే 1 గంట 45 చూసిన రోజునే కొత్త బేటరీకి ఆర్డరు పెట్టాను.

ఇప్పుడు లిథియం వంతు. టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ బృందం 1997లో లిథియం ఐరన్ ఫాస్ఫేటు గురించి ప్రచురించింది. ఆ పత్రం మీద అక్షయ పాఢి, నంజుండస్వామి అన్న పేర్లు కూడా కనిపిస్తాయి. 2013 జనవరిలో బోయింగ్ 787లని నేలకి దింపేసినవి వేరే రసాయనపు లిథియం బేటరీలు. ఫాస్ఫేటు రకం వాటికంటె నెమ్మదస్తురాలు. బరువు సీసం బేటరీలో సగం కూడా ఉండదు. కాని ఇది మరీ గుంభనంగా ఉంటుంది. నాలుగు ఘటాలూ కలిసి 13.2, 13.3 దగ్గర మొండిగా నిలబడి, నిలవ చాలావరకు అయిపోయేదాకా ఆ అంకె మారనివ్వవు. 13 దగ్గర పెట్టుకున్న ఎర్రదీపం దీనికి సరిపోదు. ఇంకా పైన పెట్టుకోవాలి. పైగా లోపలి కంట్రోలు సర్క్యూటు, నిలవ మరీ తగ్గిందనుకుంటే, చెప్పా పెట్టకుండా కనెక్షన్ తెంపేస్తుంది.

ఇది ఇంజను మీదకి వస్తే ఏమవుతుందో 2007 మార్చిలో జర్మనీలోని స్పైయర్‌లో తేలింది. అది గరాజు విమానం కాదు, కంపెనీ చేసిన డైమండ్ డి.ఎ.-42, రెండు డీసెలు ఇంజన్లు, రెండింటినీ నడిపేవి కంప్యూటర్లు. బేటరీ పూర్తిగా దిగిపోయి ఉంటే బయటి కరెంటుతో ఇంజన్లు స్టార్టు చేసి ఎగిరారు. చక్రాలు లోపలికి ముడిచేసరికి ఆ మోటారు ఒక్కసారిగా కరెంటు లాగింది. వోల్టేజి ఒక్క క్షణం పడిపోయింది, కంప్యూటర్లు తడబడ్డాయి, రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. రన్‌వే అవతల పొలంలో దిగారు, ప్రాణనష్టం జరగలేదు. తరవాత ఆ కంప్యూటర్లకి విడిగా ఇంకో బేటరీ పెట్టాలన్న ఆదేశం వచ్చింది.

నా విమానంలో ఒక వైపు మేగ్నెటో, రెండో వైపు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్నాయి. పెట్రోలు ఆదా అవుతుందనో, తేలిగ్గా స్టార్టవుతుందనో రెండు వైపులా ఎలక్ట్రానిక్ పెట్టుకునేవాళ్ళు మాలో పెరుగుతున్నారు. వద్దనడానికి నేనెవర్ని? రెండో బేటరీతో, లేదా సొంతంగా కరెంటు పుట్టించుకునే ఇగ్నిషన్‌తో ఆ లోటు పూడ్చుకునేవాళ్ళూ ఉన్నారు. నేను అడిగేది ఒక్కటే ప్రశ్న: ఆల్టర్నేటరు పోయాక మీకు ఎన్ని నిమిషాలున్నాయి? చాలామంది జవాబుగా బేటరీ మీద అచ్చు వేసి ఉన్న అంకె చెబుతారు. అది ఫేక్టరీ గుమ్మం దాటిననాటి అంకె.

నేను తీసేసిన ఆ పాత బేటరీని పక్కింటాయన తన గడ్డి కోసే ట్రాక్టరుకి పట్టుకెళ్ళాడు. మొన్న కనపడి, ఇంత మంచి బేటరీని ఎందుకు తీసేశావని అడిగాడు. తాళం తిప్పగానే స్టార్టవుతోందట.