రాచకొండ: రాతికోటయు రసశాస్త్రమును

చౌటుప్పలునకును ఇబ్రహీంపట్నమునకును నడుమ, సంస్థాన్ నారాయణపురము మండలమున, గుట్టల వరుసల మధ్య రాచకొండ యను చిన్న గ్రామము కలదు. 2016లో జిల్లాల పునర్విభజన జరుగువఱకు ఇది నల్లగొండ జిల్లాలోనిది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాకు చెందినది. ఆ యేటనే ఒక పోలీసు కమిషనరేటునకు ఈ గ్రామము పేరు పెట్టుటచే అది హైదరాబాదు వాసుల నోట నానినది. ఆ పేరు పలికినవారిలో గుట్ట నెక్కి చూచినవారు స్వల్పము. సంస్కృతగ్రంథములలో రాజాచలమని ప్రసిద్ధి కెక్కిన రాజధాని యిదియే యని యెఱిగినవారు మఱియు స్వల్పము.

గుట్ట నెక్కువానికి మొదట కానవచ్చునది గోడ. సున్నము కాని అడుసు కాని వాడక, పెద్ద పెద్ద బండలను ఒండొంటితో ఒదిగించి పేర్చిన గోడ యది. ద్వారములకు ఏకశిలాస్తంభములు, వానిపై అడ్డముగా ఏకశిలా దూలములు. కాకతీయుల వాస్తుసంప్రదాయ మిచట స్పష్టముగా కనుపట్టును. అయితే ఓరుగంటి తోరణముల నగిషీ యిక్కడ లేదు. కట్టినవారికి తొందర యుండెనని నాకు తోచినది. శత్రువు దాపుననే యున్న కాలమది. లోపల సీతాఫలపు పొదలు, కూలిన దేవాలయములు, అచ్చటచ్చట గుప్తనిధుల యాశతో త్రవ్విన గోతులు. చుట్టుపట్ల లంబాడీ తండాలు కలవు. ఆరు వందల యేండ్ల క్రింద పండితసభలు తీరినది యీ చోటనే యన్న నమ్మశక్యము కాదు.

శిల్పము కొఱకు వచ్చినవాడు సూర్యాపేట దాపుననున్న పిల్లలమఱ్ఱికి పోవుట మేలు. అచటి యాలయములు 13వ శతాబ్ది ఆరంభమునకే వెలసినవి; నునుపు దేరిన నల్లరాతి స్తంభములు, కుడ్యచిత్రముల జాడలు అచట కలవు. వానిని కట్టించినవారును రేచెర్లవారే. కాని వారు రెడ్లు, రాచకొండవారు పద్మనాయక వెలమలు. ఈ భేదమును గమనింపక రెండు వంశములను కలిపివేయుట విద్యార్థుల వ్రాతలలో తఱచుగా కనుపట్టు పొరపాటు.

1323లో కాకతీయసామ్రాజ్యము కూలిన పిదప ఓరుగల్లు ముసునూరి కాపయనాయకుని చేతికి వచ్చెను. ఆమనగల్లు కేంద్రముగా బలపడుచున్న రేచెర్ల సింగమనాయకుడు జల్లిపల్లి ముట్టడిలో మరణించెను. అతని కుమారులు అనపోతనాయకుడును మాదానాయకుడును పగ తీర్చుకొనుటయే గాక రాజ్యమును విస్తరింపజేసిరి. కాపయ భీమవరపు యుద్ధమున కూలెను. 1369 నాటి అయినవోలు శాసనము ఓరుగల్లు ప్రాంతమున అనపోతని యధికారమునకు సాక్ష్యము. ఆమనగల్లు విడిచి రాచకొండను రాజధాని చేసినవాడు ఇతడే. మాదానాయకుని సంతతి దేవరకొండ నేలినది. ఇంతవఱకు ఇది కత్తి కథ.

అనపోతని కుమారుడు రెండవ సింగభూపాలుడు, సర్వజ్ఞబిరుదాంకితుడు, 14వ శతాబ్ది చివర ఈ గుట్టపై కూర్చుండి రసార్ణవసుధాకరమును రచించెను. రాజాచలమను పేరుగల వంశక్రమాగత రాజధానియం దుండి, వింధ్యశ్రీశైలముల నడిమి భూమిని తా నేలుచుంటినని గ్రంథారంభమున అతడే చెప్పుకొనెను. వింధ్యమన్నది రాజుల యతిశయోక్తి. రాజాచలము మాత్రము నిక్కము. గ్రంథమున మూడు విలాసములు: రంజకము, రసికము, భావకము. మొదటిదానిలో నాయికానాయకులు, వృత్తులు, రీతులు. రెండవదానిలో సంచారిభావములు, స్థాయిభావములు, రసములు. మూడవదానిలో రూపకభేదములు, వస్తుసంవిధానము.

ఓరుగల్లున విద్యానాథుడు ప్రతాపరుద్రీయమున ఉదాహరణము లన్నింటను ప్రభువును స్తుతించెను. నాటకలక్షణమునకు లక్ష్యముగ ప్రతాపరుద్రకల్యాణమును తానే కల్పించి గ్రంథమున చేర్చెను. రాచకొండలో విశ్వేశ్వరుడు చమత్కారచంద్రికను ఆ మార్గముననే వ్రాసి సింగభూపాలుని వర్ణించెను. సింగభూపాలుడో, తన శాస్త్రమున రాజస్తుతికి చోటీయక, ప్రసిద్ధనాటకములనుండి యుదాహరణములను గైకొనెను. సంధ్యంగముల వివరణకు రాజశేఖరుని బాలరామాయణము నాతడు పుటపుటకును ఆశ్రయించెను. భోజుడు చెప్పిన అదనపు స్థాయిభావములను పరిశీలించి నిరాకరించి, స్థాయిభావము లెనిమిదే యని నిలిపెను. పొగడించుకొనగల రాజు వాదమునకు దిగుట యందే ఈ గ్రంథము విలువ యున్నదని నా యభిప్రాయము.

లక్షణము చెప్పి యూరకుండక అతడు కువలయావళి యను నాటికను గూడ రచించెను. దీనికే రత్నపాంచాలిక యని నామాంతరము. శ్రీకృష్ణుడు నాయకుడు, రుక్మిణి చెంత నుంచబడిన కువలయావళి భూదేవియే. ఉంగరపు మహిమచే ఆమె పురుషుల కంటికి రత్నపు బొమ్మగా కనుపట్టుటయు, ఆ యుంగరము జాఱినంతనే కన్యగా తోచుటయు ఈ కథకు ప్రాణము. ప్రసన్నగోపాలుని యుత్సవమున ప్రదర్శించుటకై యిది కూర్చబడినట్లు ప్రస్తావనవలన తెలియుచున్నది. అనగా ఈ బండల నడుమ రంగస్థలము, నటులు, చూడవచ్చిన జనము ఉండిరన్నమాట. తెలుగున స్వతంత్రనాటకము, కోరాడ రామచంద్రశాస్త్రి మంజరీమధుకరీయము, 1860 ప్రాంతమున గాని పుట్టలేదు. తెలుగు రాజు, తెలుగు నేలపై, తెలుగు నటులచే సంస్కృతనాటిక నాడించి, నాటకశాస్త్రము వ్రాసియు, తెలుగు నాటకము నెందుకు కోరలేదు? ఆ కాలమున దేశికి గేయము, యక్షగానము, కథాకావ్యము చాలుననియు, శాస్త్రగౌరవము కలది మార్గమే యనియు పండితుల భావన. సింగభూపాలుడు ఆ భావనకు లోబడినవాడే. అతని గొప్పతనమును చెప్పునపుడు ఈ లోపమును దాచిపెట్టుట తగదు.

శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరమునకు ఇతని పేర నున్న వ్యాఖ్య సంగీతసుధాకరము. కల్లినాథుని వ్యాఖ్యతో కలిపి దీనిని అడయారు గ్రంథాలయమువారు 1943 మొదలుకొని సంపుటములుగా వెలువరించిరి. రసార్ణవసుధాకరము 1916లో టి. గణపతిశాస్త్రి సంపాదకత్వమున తిరువనంతపుర సంస్కృతగ్రంథమాలలో వెలువడినది. రాచకొండ కృతి కేరళమున అచ్చై మనకు చేరుటను మన శాఖలవారు తలపోయవలెను.

ఇక లోకమున రాచకొండ ప్రభువు పేరు వినబడునది పోతన కథయందు. భాగవతము నంకిత మీయలేదని అలిగి సింగభూపాలుడు దానిని భూమిలో పాతించెనని కదా ఐతిహ్యము. పోతన 15వ శతాబ్ది కవి. రసార్ణవసుధాకరకర్త అతనికి ముందు తరమువాడు. సర్వజ్ఞబిరుదము ఆ వంశమున ఒక్కరికే పరిమితము కాదు. భోగినీదండకమున కీర్తింపబడిన సింగభూపాలుడు తరువాతి వాడని చరిత్రకారుల మతము. అతడైనను గ్రంథమును పాతిపెట్టెననుటకు శాసనాధారము లేదు. అయినను పాఠశాలలో తాతను మనుమనిగా, శాస్త్రకారుని గ్రంథనాశకునిగా చెప్పుట నేటికిని మానలేదు. ఒక రసజ్ఞుని కీర్తి ఈ విధముగ నామసామ్యమువలన మలినమైనది.

15వ శతాబ్దిలో బహమనీల యొత్తిడికి రాచకొండ రాజ్యము నిలువలేకపోయెను. వెలుగోటివారు విజయనగరాశ్రయము పొంది తుదకు వేంకటగిరి చేరిరి. వారి వంశావళిని నేలటూరి వేంకటరమణయ్య 1939లో పరిష్కరింపగా మద్రాసు విశ్వవిద్యాలయము ప్రకటించినది. దానిని చేత పట్టుకొని, ప్రొద్దు వాలకముందే దిగవలెనను షరతుతో, మా పరిశోధకవిద్యార్థులు కొందఱితో గుట్ట నెక్కితిమి. ద్వారము నీడను కూర్చుండి ఒక విద్యార్థి రసార్ణవసుధాకరపు తొలి విలాసమును పైకి చదివెను. రాజాచలమను మాట వచ్చినంతనే అందఱును తలలెత్తి చుట్టును చూచిరి.