గుడ్లు మోసేది నాన్న

గోడమీద పెద్ద సాలీడొకటి పొట్టకింద తెల్లటి బిళ్ళలాంటిది పట్టుకుని పాకడం మీరు చూసే ఉంటారు. అది గుడ్లసంచి, మోసేది తల్లి. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసేచోట మునిగి, అగస్త్యేశ్వరుడి గుళ్ళో కాసేపు కూర్చున్నా ఇలాంటిదే ఏ స్తంభంమీదో కనిపించవచ్చు. "ఎంతైనా తల్లిప్రాణం!" అనుకుంటాం.

అక్కణ్ణించి కృష్ణవెంబడే దిగి, హంసలదీవి దాటి సముద్రంలోకి వెళ్తే కథ తిరగబడుతుంది.

సముద్రపు సాలీడు అసలు సాలీడు కాదు, దానికి దూరపు చుట్టం. గూడు అల్లదు. గుర్తుపట్టడం తేలికే: ఒళ్ళు పుల్లముక్కంత, మనిషంతా కాళ్ళే! మామూలుగా నాలుగు జతలు. కొన్నిటికి ఐదు, ఆరు కూడా. ఒంట్లో చోటు చాలక పేగు పాయలై కాళ్ళల్లోకి దిగింది. ఆడదాని గుడ్లు తయారయ్యేది తొడల్లోనే. ఊపిరితిత్తులూ లేవు, మొప్పలూ లేవు; ఒంటిపై పొరలోంచే ఊపిరి. గొట్టంలాంటి మూతితో మెత్తటి జీవుల రసం పీలుస్తుంది. చాలావరకు గోరంతవే గాని, అంటార్కిటికా వైపు కాళ్ళు చాపితే 70 సెంటీమీటర్లుండేవీ ఉన్నాయి.

కాళ్ళకు ముందు మరో జత సన్నటి బుల్లికాళ్ళుంటాయి. కొన్ని జీవులు వాటికి గుడ్లముద్దలు తగిలించుకుని తిరుగుతాయి. 1764లో బ్రూనిక్ అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు వీటిలో ఒకదానికి "పిక్నోగోనమ్" అని పేరుపెట్టాడు. ఆ తర్వాత చూసిన పండితులంతా, గుడ్లు మోస్తోంది కనుక ఆడదే అనుకున్నారు. మరి బిడ్డ చంకనుంటే తల్లే కదా! 1877లో ఇటలీవాడైన కవన్నా పరీక్షించి, మోసేది మగదని తేల్చాడు. అంటే 113 ఏళ్ళు!

తల్లి గుడ్లు పెడుతుంది. తండ్రి వాటిని పోగుచేసి, తన కాళ్ళలో ఊరే జిగురుతో ముద్దచేసి, పిల్లలు బయటికొచ్చేదాకా మోస్తాడు. కొన్ని జాతుల్లో ఆడదానికి ఆ బుల్లికాళ్ళే ఉండవు. 1923లో కాల్మన్ కలకత్తా ఇండియన్ మ్యూజియంలోని సముద్రపు సాలీళ్ళమీద వ్రాసేనాటికి ఇదంతా తెలిసిన సంగతే.

అలాగని తల్లి పని ఎగ్గొట్టిందనుకునేరు! అన్ని కాళ్ళనిండా గుడ్లు నింపుకుని తిరిగింది ఆవిడే. తర్వాతి వంతు ఆయనది. ఎప్పుడైనా వీటి బొమ్మ కనబడితే గుర్తుంచుకోండి: తొడలు ఉబ్బి ఉన్నది అమ్మ, మూట మోస్తున్నది నాన్న.