మా అవ్వ చూసిన మాయాబజార్ ఏది?

పోయిన నెల కడపలో మా అవ్వకు ఫోన్‌లో ‘మాయాబజార్’ పెట్టి ఇచ్చినా. కాసేపు చూసి, “నేను చూసింది ఇది కాదు రా. అభిమన్యుడు జెమినీ గణేశన్ కదా” అనింది. వయసైపోయింది, మర్చిపోయిందిలే అనుకున్నా. తప్పు నాదే.

అవ్వ చిన్నప్పుడు మద్రాసులో ఉండేది. 1957లో విజయా వాళ్లు మాయాబజార్‌ను తెలుగులో, తమిళంలో విడివిడిగా తీశారు. ఎన్టీఆర్, ఎస్వీఆర్, సావిత్రి రెండింట్లోనూ ఉన్నారు. అక్కినేని వేషం మాత్రం తమిళంలో జెమినీ గణేశన్ వేశాడు. నిర్మాత నాగిరెడ్డిది మన కడప జిల్లా, డైరెక్టర్ కె.వి.రెడ్డిది తాడిపత్రి. అంటే ఆ తమిళ సినిమాలోనూ మన సీమకు వాటా ఉంది.

నెట్‌లో వెతికితే తమిళ ప్రింట్ ఉచితంగానే దొరికింది. అవ్వ చివరిదాకా కదల్లేదు.

అదే ఊపులో 1931 నాటి ‘కాళిదాస్’ కోసం వెతికినా. హెచ్.ఎం.రెడ్డి తీసిన తొలి తమిళ టాకీ అది. అందులో తెలుగు మాటలు కూడా ఉండేవి. దొరకలేదు. ఒక్క ప్రింట్ కూడా మిగల్లేదంట. అప్పటి నైట్రేట్ రీళ్లు ఇట్టే అంటుకునేవి, వేడికి పాడైపోయేవి. వెండి కోసం కరిగించినవీ ఉన్నాయి. పూణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో, అంటే 33 ఏళ్ల తర్వాత.

సాఫ్ట్‌వేర్ జాబ్‌లో నేర్చుకున్న మొదటి పాఠం: ఒకే కాపీ ఉంటే లేనట్టే లెక్క. స్ట్రీమింగ్ యాప్‌లో ఈరోజున్న సినిమా రేపు ఉండకపోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి ఉచిత డిజిటల్ లైబ్రరీలో అయితే డౌన్‌లోడ్ చేసి దాచుకోవచ్చు. ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటుంది.

మరి ఇది పైరసీ కాదా? మన చట్టంలో సినిమా మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957 సినిమాకు 2017తో అయిపోయింది. మాటలు, పాటలు రాసినవాళ్ల హక్కు వేరే లెక్క, వాళ్లు పోయాక 60 ఏళ్లదాకా ఉంటుంది. కొత్త సినిమా ఎక్కిస్తే మాత్రం అది దొంగతనమే.

కడపలో సి.పి.బ్రౌన్ లైబ్రరీ చూశారా? ఒకప్పుడు ఆయన బంగ్లా ఉన్న చోటది. చెదలు తింటున్న తాటాకు గ్రంథాలను బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి ఎత్తి రాయించాడు. ఇప్పుడు జీతాలక్కర్లేదు, ఫోన్ చాలు. మీ అవ్వ ట్రంకుపెట్టెలో పాత సినిమా పాటల పుస్తకం ఉంటే, ఈ ఆదివారమే స్కాన్ చేసి పెట్టుకోండి. ఆమె చెప్పే సినిమా కబుర్లు కూడా రికార్డ్ చేయండి. నాలాగా “మర్చిపోయిందిలే” అనుకోవద్దు.