కిడ్నీ జబ్బును ముందే పసిగట్టాలంటే.. ఊరూరా పరీక్షలే శరణ్యం

వికారాబాద్, తాండూరు: నొప్పి ఉండదు, జ్వరం రాదు, పనికి ఆటంకం కలగదు. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి చాపకింద నీరులా ముదిరేది ఇలాగే. కాళ్లవాపు, ఆయాసం, వాంతులతో రోగి ఆసుపత్రి మెట్లెక్కే నాటికి కిడ్నీల వడపోత శక్తిలో అధికభాగం హరించుకుపోయి ఉంటుంది. అప్పుడు మిగిలేది వారానికి రెండు మూడు మార్లు డయాలసిస్ లేదా కిడ్నీ మార్పిడి. ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉచితమే. డయాలసిస్ రోగులకు 2022లో ఆసరా పింఛను కూడా మంజూరైంది. అయినా వారంలో సగం రోజులు కూలి పోగొట్టుకునే కుటుంబానికి కలిగే నష్టం ఏ లెక్కల్లోనూ చేరదు.

అందుకే రోగి ఆసుపత్రికి వచ్చేదాకా వేచి ఉండక, వైద్య సిబ్బందే ఊళ్లోకి వెళ్లి పరీక్షించాలన్నది నిపుణుల మాట. పరీక్షలు మూడే. రక్తపోటు చూడటం, మూత్రంలో అల్బుమిన్ అనే మాంసకృత్తి పోతోందేమో పరిశీలించడం, రక్తంలో క్రియాటినిన్ లెక్కగట్టడం. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు, అంతకు మించి అల్బుమిన్ పోతున్నా, వడపోత వేగం నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తగ్గినా, ఆ స్థితి మూడు నెలలకు పైగా కొనసాగితే దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు.

క్రియాటినిన్ అంకెను ఒంటరిగా చూస్తే మోసపోయే ప్రమాదముంది. 1.4 అని నివేదిక వచ్చిన పాతికేళ్ల యువకుడికి వడపోత వేగం 70 పైనే ఉంటుంది. అదే అంకె అరవై ఏళ్ల మహిళకు వస్తే 43 మాత్రమే. అంటే ఆమె అప్పటికే వ్యాధి మూడో దశలో ఉన్నట్లు. ‘కొంచెమే ఎక్కువుంది, ఏం కాదు’ అన్న మాటతో ఇంటికి తిరిగొచ్చేది ఎక్కువగా ఇలాంటివారే.

ఎవరికి ముప్పు?

మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నవారు మొదటి వరుసలో ఉంటారు. కిడ్నీలో రాళ్లు ఏర్పడినవారు, కుటుంబంలో ఈ జబ్బు ఉన్నవారు, వృద్ధులు తరువాత. తాండూరు ప్రాంతంలో నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవారిపై ప్రత్యేక దృష్టి అవసరం. మండుటెండలో తగినన్ని నీళ్లు లేకుండా శ్రమించేవారి కిడ్నీలు దెబ్బతినడం ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల చెరకు కూలీల్లో వెలుగుచూసింది. దీనికి తోడు ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి మాత్రలు, సూదిమందులు పదేపదే వాడటం. కందిచేను కోసినా, బండలు మోసినా సాయంత్రానికి నొప్పుల గోలీ కావలసిందే. రోజుల తరబడి వాడితే కిడ్నీకి చేటు చేస్తుందని దుకాణంలో చెప్పేవారు అరుదు.

ఉద్దానం నేర్పిన పాఠం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు తదితర మండలాల్లో మధుమేహం, రక్తపోటు లేనివారిని సైతం ఈ వ్యాధి కబళించింది. కారణం నేటికీ నిర్ధారణ కాలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఈ తరహా జబ్బులో మూత్రంలో మాంసకృత్తి అంతగా కనిపించదు. కాబట్టి మూత్రపు పట్టీ పరీక్షతోనే సరిపెట్టుకుంటే చాలామంది తప్పిపోతారు. రక్తపరీక్ష తప్పనిసరి.

తక్కువ ఖర్చుతో సాధ్యమేనా అన్న సందేహానికి చెన్నై సమీప గ్రామాల్లో సమాధానం దొరికింది. డాక్టర్ ఎం.కె.మణి మార్గదర్శకత్వంలో కిడ్నీ హెల్ప్ ట్రస్టు స్థానిక యువతులకు శిక్షణ ఇచ్చి, ఇంటింటా రక్తపోటు, మూత్ర పరీక్షలు చేయించింది. చవకైన మందులతోనే మధుమేహం, రక్తపోటులను అదుపు చేసిన తీరును 2003లో వైద్య పత్రికలో ప్రచురించారు.

ఒక్కరోజు శిబిరంతో సరి కాదు

జ్వరం, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్, తీవ్ర శ్రమ ఉన్నప్పుడు మూత్రంలో తాత్కాలికంగా మాంసకృత్తి పోవచ్చు. నీరు తగ్గితే క్రియాటినిన్ పెరగవచ్చు. కనుక తేడా కనిపించినవారికి మూడు నెలల తరువాత మళ్లీ పరీక్షించాలి. శిబిరాలు విఫలమయ్యేది ఇక్కడే. కర్ణాటక సరిహద్దులు దాటి వచ్చి పోయే గని కూలీల చిరునామా మూడు నెలల్లో మారిపోతుంది. రిజిస్టరులో పేరు మిగులుతుంది, మనిషి దొరకడు. ఫలితాల కాగితాన్ని రోగి చేతికే ఇవ్వడం, ఫోన్ నంబరు రాసుకోవడం చిన్న పనులే అయినా వాటిని విస్మరిస్తే శ్రమంతా వృథా. శిబిరాన్ని మధ్యాహ్నం పెట్టినా, కంది కోతల వేళ పెట్టినా వచ్చేది ఇంటిపట్టున ఉండేవారే.

యంత్రాంగం కొంత సిద్ధంగానే ఉంది. 30 ఏళ్లు దాటినవారికి ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంల ద్వారా బీపీ, షుగర్ పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమంలో 2023 మార్గదర్శకాలతో కిడ్నీ వ్యాధి కూడా చేరింది. వికారాబాద్‌లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రం 2021 జూన్‌లో ప్రారంభమైంది. ఊళ్లో సేకరించిన నమూనాను అక్కడికి చేర్చడమే మిగిలిన పని.

ముందే గుర్తిస్తే మందులున్నాయి. టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ వంటివి రక్తపోటు తగ్గించడంతో పాటు మాంసకృత్తి నష్టాన్ని అరికడతాయి. డపాగ్లిఫ్లోజిన్ వ్యాధి వేగాన్ని తగ్గిస్తుందని 2020లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆ ఏడాదే మన దేశంలో పేటెంటు ముగియడంతో దాని ధర దిగివచ్చింది. వీటిని వైద్యుని సలహాపైనే వాడాలి. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏ లక్షణమూ లేకున్నా ఏడాదికోసారి మూత్రం, క్రియాటినిన్ పరీక్షలు రెండూ చేయించుకోవాలి.